హుసేనప్ప పటం

కుర్చీకి కొత్తగా వార్నీషు పూసినట్టున్నారు. నరసింహయ్య ఏ పక్కకు ఒత్తిగిలినా పంచె దానికి అంటుకుని, తోలు ఒలిచినట్టు సన్నని చప్పుడవుతూ ఉంది. వేదిక మీద కూర్చున్న పెద్దమనిషి అట్లాంటి చప్పుడు చేయకూడదు గనుక ఆయన కదలడం మానేశాడు. ఊపిరి కూడా పొదుపుగానే తీసుకుంటున్నాడు. యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలం. పొద్దు వాలుతున్నా కడప కొండల వేడి దిగలేదు. సంగీత సమాజం హాలులో గాలంతా ఒకటే ముద్దగా ఉంది, వాడి పులిసిన మల్లెలు, అగరువత్తులు, పన్నీరు చల్లుకున్న చెమట, అన్నిటికీ మించి కాళ్ళ దగ్గర పెట్టిన తమ్మపడిగ. అధ్యక్షుడు, గుడి ధర్మకర్త కూడా అయిన ఓబుళరెడ్డి అందులోకి మాటిమాటికీ వంగి ఎర్రగా ఉమ్మి, మూతి తుడుచుకుని, వెంటనే భక్తిగా కళ్ళు మూసుకుంటున్నాడు. ఎదుటి గోడకు మూడు పటాలు, మూడింటికీ పట్టుగుడ్డలు కప్పి ఉన్నాయి. ఈ సీమలో పుట్టి, పేరు తెచ్చుకుని, పోయిన ముగ్గురు విద్వాంసుల పటాలవి. పాటకత్తె రత్నమణి, నాటకాల హార్మోనియం కంబన్న, సన్నాయి హుసేనప్ప. బతికినన్నాళ్ళూ ఈ హాలు గడప తొక్కనివాళ్ళు ముగ్గురూ. ఇప్పుడు ముగ్గురినీ మేకులు కొట్టి లోపలే వేలాడదీశారు.

రాకూడదనే అనుకున్నాడు నరసింహయ్య. హైస్కూల్లో చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, భార్య లక్ష్మీదేవమ్మ పోయాక సభలకు పోవడమే మానుకున్నాడు. మద్రాసులో బి.ఎ. చదివినవాడనీ, మాట మెత్తననీ చివరి ఉపన్యాసం ఆయనకే అంటగడతారు. అయితే నిన్న హుసేనప్ప కొడుకు లాల్ అహమ్మద్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. తండ్రి ఎత్తు, తండ్రి భుజాలు. "మీరు రావాల అయివారూ. మీరుంటే మా యమ్మకు ధైర్యం. గుడి మేళం నాకే ఇస్తానని రెడ్డి సభలో చెప్తానన్యాడు. చెప్పేదంకా నమ్మకం లేదు. తంజావూరు నుంచి అరవ మేళమోళ్ళు వచ్చి ఆయనింట్లోనే దిగిండారు." ఆ మేళం పోతే ఏమవుతుందో అతను చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. గుడి మేళం ఉన్నవాణ్ణే పెళ్ళిళ్ళకు పిలుస్తారు. లేనివాడు మళ్ళీ తాత ముత్తాతల విల్లు భుజాన వేసుకుని, దూది ఏకుతామమ్మా అని వీధులు తిరగాల్సిందే. అందుకని వచ్చాడు. వచ్చి ఈ జిగట కుర్చీలో కూర్చున్నాడు. లాల్ అహమ్మద్‌ను, మేళాన్ని మాత్రం వసారాలోనే కూర్చోబెట్టారు, లోపల కుర్చీలు చాలవట. ఆడవాళ్ళ వైపు తడిక చాటున హుసేనప్ప భార్య బషీరాబీ కూర్చుని ఉంది. ఎవరో ముసలమ్మ, ఎవరో తెలియదు, తాను పక్కకు జరిగి ఆమెకు గోడ వదిలింది. ఆనుకోవడానికి ఒక గోడ. ఈ సాయంత్రం ఈ హాలులో నరసింహయ్య కంటికి కనపడిన ఒకే ఒక్క మంచి పని అది. ఆయన కాసేపు ఆ గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు, కంటికి నీడ దొరికినట్టు.

కార్యదర్శి ప్లీడరు పుల్లయ్య మొదటి గుడ్డ లాగాడు. రత్నమణి. పటానికి రంగులు అద్దించారు, పెదవులకు మరీ ఎక్కువ అద్దించారు. "పరమ పావనమైన జీవితం గడిపిన సంగీత సరస్వతి," అంటున్నాడు పుల్లయ్య. పావనం అన్నచోట గొంతు వణికించాడు కూడా. ఇదే పుల్లయ్య, జుట్టు నల్లగా ఉన్నప్పుడు, ఇదే వేదిక మీద నిలబడి, భోగంవాళ్ళ పాట ఈ హాలులో వినపడితే మా ఇంటి ఆడవాళ్ళు ఈ వీధిలో నడవరు అని బల్ల గుద్దాడు. ఆ ఏడు శ్రీరామనవమికి రత్నమణి బెంగుళూరు నుంచి వచ్చి ఉంది. పిలిచినవాళ్ళే వద్దన్నారు. ఆమె గొడవ పడలేదు. బండి మలుపుకుని పోతూ, కోమట్ల వీధిలో ఎద్దు కాలికి రాయి గుచ్చుకుని బండి ఆగితే, ఆ ఆగిన కాసేపట్లో, ఎవరూ అడగకుండానే, ఎద్దు కాలు పట్టుకున్న బండివాడి కోసమే అన్నట్టు ఒక జావళి అందుకుంది. కిటికీలు తెరుచుకున్నాయి. తెరిచింది ఆ ఆడవాళ్ళే. పుల్లయ్య భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందని లక్ష్మీదేవమ్మ ఇంటికొచ్చి చెప్పింది. లక్ష్మీదేవమ్మ ఇట్లాంటివే మోసుకొచ్చేది, ఊళ్ళో ఎవరి పరువు పోయిందో ఆమెకు ఎప్పుడూ తెలిసేది కాదు, ఎవరు ఎందుకు ఏడ్చారో తెలిసేది. ఇప్పుడు పుల్లయ్య గ్రామఫోను తెప్పించి రత్నమణి ప్లేటు పెట్టించాడు. ముల్లు గీరుకుంటూ పోయి, గీరుడు అడుగు నుంచి ఆమె గొంతు లేచింది, తడిబట్టలో చుట్టిన మొగలిరేకులా. హాలు చల్లబడింది. తమ్మపడిగ వాసన కూడా ఒక్క క్షణం వెనక్కు తగ్గింది. ఆ కాలపు ప్లేట్లన్నింటిలోనూ పాట ముగిశాక పాడినవాళ్ళు తమ పేరు తామే చెప్పుకోవాలి. నరసింహయ్య ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. పాట చివర చిన్న దగ్గు లాంటి నవ్వు, తరువాత "నేను, కడప రత్నమణి" అని. ఆ ప్లేటు తనింట్లోనూ ఉండేది. పాట వింటే ఒక ఎత్తు, ఆ నవ్వు వింటే ఒక ఎత్తు. పాట ముగుస్తూ ఉంది. పుల్లయ్య చేయి చాపి ముల్లు ఎత్తేశాడు. "ఇక్కడికి చాలు," అన్నాడు. అంతే. పేరు చెప్పుకోనియ్యలేదు. చచ్చిపోయాక కూడా ఆమెను బండి మలుపుకుని పొమ్మన్నాడు. ముందు వరుస చప్పట్లు కొట్టింది. నరసింహయ్య నోట్లో పుల్లని నీళ్ళూరాయి. మింగాడు. ఉమ్మాలంటే పక్కనే ఉంది గానీ, రెడ్డి ఉమ్మిన దాంట్లో తానెట్లా ఉమ్మడం.

రెండో గుడ్డ. కంబన్న. ఈ పటం బాగుంది, మనిషిలాగే ఉన్నాడు, ఒక కన్ను కొంచెం చిన్నది. ఇప్పుడు మాట్లాడుతున్న షావుకారు నాటకాల కంపెనీ నడిపినవాడు, కంబన్నను ఊరూరూ తిప్పినవాడు. కాళ్ళతో తొక్కే హార్మోనియం కంబన్నది. తొక్కితొక్కి ఎడమకాలి పిక్క కుడిదానికంటే లావుగా ఉండేది. రాజు వేషగాడు పాట మరిచిపోతే ఆ పాట మిగతా సగం హార్మోనియం పాడేది, జనం రాజుకే ఈల వేసేవాళ్ళు, కంబన్న తెర పక్కన తలవంచుకుని నవ్వుకునేవాడు. "భగవన్నామ స్మరణ చేస్తూ, చిరునవ్వుతో, ఈ కళామతల్లి ఒడిలో కన్నుమూశాడు," అంటున్నాడు షావుకారు. కమలాపురం క్యాంపులో వాంతిభేది తగిలితే రాత్రికి రాత్రి డేరాలు పీకించి, కంబన్నను పసులకొట్టంలో గడ్డి మీద పడుకోబెట్టి, చుట్టూ సున్నం చల్లించి, హార్మోనియాన్ని మాత్రం బండెక్కించి ఎర్రగుంట్ల రైలుకు తరలించిన మనిషి ఇతనే. పేడ, సున్నం, వాంతి. అదీ కళామతల్లి ఒడి. నరసింహయ్యకు ఇది చెప్పింది ఆ ఊరి చాకలి సుబ్బమ్మ. ఆమె ఒక్కతే లోపలికి పోయి నోట్లో నీళ్ళు పోసిందట. "ఏండ్లు ఊరికే ఉండలేదు సామీ. పసులు కట్టే కొయ్య మింద ఆడతానే ఉండాయి. ఏమి వాయిస్తాండావప్పా అని అడిగితి. నవ్వినాడు." వేళ్ళను ఆమె ఏండ్లు అనేది. ఆ ఒక్క నవ్వు దొరికింది షావుకారుకు, ఎట్లా దొరికిందో, దాన్ని తీసుకొచ్చి ఇక్కడ చిరునవ్వు అని పూలదండల్లో గుచ్చాడు. నీళ్ళు పోసిన చేతిని మాత్రం వదిలేశాడు. రెడ్డి పక్కకు వంగి, వక్కాకు వాసనతో, "అయివారూ, మీది బిరీన ముగించాల. లోపల ఉప్మా చల్లారిపోతాండాది," అన్నాడు. నరసింహయ్య తలూపాడు. తలూపడం ఆయనకు బాగా అలవాటైన పని.

హుసేనప్పది కర్నూలు పక్క కల్లూరు. నూర్ బాషాల ఇల్లు. పగలు దూది ఏకేవాళ్ళు, పెండ్లిళ్ళకు సన్నాయి ఊదేవాళ్ళు. దూది ఏకే వింటినారి మోత వింటూ పెరిగినందుకే నాకు శ్రుతి ఒంటబట్టింది అని నవ్వేవాడు హుసేనప్ప. మొహమంతా స్ఫోటకం మచ్చలు, దూలమంత ఎత్తు, గుమ్మం ఏదైనా తలవంచి రావాల్సిందే. శుక్రవారం మసీదుకు పోయేవాడు, గుడి సేవకు వచ్చేటప్పుడు నొసట బొట్టు పెట్టుకునేవాడు. ఏమప్పా ఇదేమి అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "పనికిపోయేటప్పుడు ఎవురింటి గుడ్డ వాళ్ళు కట్టిస్తారు గదప్పా," అనేవాడు. బనగానపల్లెలో వాయించాడు, గద్వాలలో వాయించాడు, మైసూరు పోయి వెండి కట్టిన సన్నాయితో తిరిగొచ్చాడు. తిరిగొచ్చి మళ్ళీ ఇక్కడ ధ్వజస్తంభం ఇవతలే కూర్చున్నాడు. లోపల దేవుడు ఆయన పాటకు లేచేవాడు, ఆయన పాటకు నిద్రపోయేవాడు. ఆయన మాత్రం ఆ దేవుణ్ణి ఎప్పుడూ చూడలేదు, జనం వీపులు చూశాడు. జనం కూడా అంతే. అందరికీ గర్భగుడి వైపు మొహం, మేళం వైపు వీపు. తీర్థం పైనుంచి పోసేవాళ్ళు, దోసిట్లో సగం పడేది. నరసింహయ్య తలలో ఇప్పుడు ఆ దోసిలే కదులుతూ ఉంది, వేళ్ళ సందుల్లోంచి కారుతున్న తులసినీళ్ళు, వాటిని కూడా కళ్ళకద్దుకునే హుసేనప్ప.

ఆ పక్కనే, ఎప్పుడూ ఆ పక్కనే, గిడ్డయ్య. మంగలి గిడ్డయ్య, పేరుకు తగ్గట్టే పొట్టివాడు, గుండ్రటి మొహం, పైకి తిప్పిన మీసం. హుసేనప్ప సన్నాయికి శ్రుతి పట్టేవాడు. వేళ్ళు ఆడించే పని లేని బోడి సన్నాయి అతనిది, దానికి పలికేది ఒకే ఒక్క స్వరం. దాన్ని తెగకుండా పట్టుకుని ఉండాలి, బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీల్చుకుంటూ, హుసేనప్ప ఎక్కడెక్కడ తిరిగొచ్చినా ఇంట్లో దీపం ఆరకుండా కూర్చున్న మనిషిలాగా. లక్ష్మీదేవమ్మ చివరి రోజుల్లో మంచం మీదుంటే, తెల్లవారి సేవకు పోయే మేళం తమ వీధి మొదట్లో ఆగేది. డోలు కొట్టనిచ్చేవాడు కాదు హుసేనప్ప, అమ్మకు తలలో అదురుతాది అని. సన్నాయి ఒక్కటే, అదీ గుడ్డ కప్పి ఊదినంత మెల్లగా, భూపాళం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పాటకంటే ముందు ఆ ఒంటి స్వరం వచ్చేది. అది చెవిన పడగానే లక్ష్మీదేవమ్మ కళ్ళు మూసుకునే, "గిడ్డయ్య వచ్చినాడు," అనేది. హుసేనప్ప వచ్చినాడు అని ఎప్పుడూ అనలేదు. గిడ్డయ్య ముందు పోయాడు. హుసేనప్ప అతని పాడె ముందు నడుస్తూ ఊదాడు, శ్రుతి లేకుండా, అప్పటికి ఇంకో మనిషిని పెట్టుకోలేదు గనుక. వీధిలో ఎవరో ఆ పూట హుసేనప్ప అపస్వరం పలికాడని అన్నారు. నిజమే పలికాడు. తరువాత తోలుతిత్తుల శ్రుతిపెట్టె తెప్పించుకున్నాడు గానీ, అది తనను చూసి ఆవలిస్తాండాది అనేవాడు. ఏడాది తిరక్కుండా ఆయనా పోయాడు. గిడ్డయ్యకు ఏ సభా జరగలేదు. జరగాలని ఎవరికైనా తోచిందా అంటే, నరసింహయ్యకు కూడా తోచలేదు.

మూడో గుడ్డ ఓబుళరెడ్డే లాగాడు. పట్టుగుడ్డ మెత్తగా జారి కింద పడింది. హాలంతా ఆహా అంది. నిలువెత్తు పటం, బంగారు చట్రం, మద్రాసులో పెద్దది చేయించారు. వెండి కట్టిన సన్నాయి చేతిలో పట్టుకుని, ఛాతీ మీద పతకాలతో, నొసట బొట్టుతో, పైకి తిప్పిన మీసంతో, గుండ్రటి మొహంతో, గిడ్డయ్య నిలబడి ఉన్నాడు.

నరసింహయ్య మొదట తన కళ్ళనే అనుమానించాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. గిడ్డయ్యే. కొంచెం భయపడినట్టు, పట్టుకోకూడనిది పట్టుకున్నవాడిలా, సన్నాయిని ఒంటికి దూరంగా పట్టుకున్న గిడ్డయ్య. "అచ్చం అట్లనే ఉండాడు!" అన్నాడు షావుకారు. "ఆ కండ్లు చూడండి, ఆ కళ!" అన్నాడు ముందు వరుసలో ఒక వకీలు. "మా గుళ్ళో ఊదేటప్పుడు ఇట్లనే నిలబడేవాడు," అన్నాడు ఓబుళరెడ్డి, ఇంట్లో మూడు పెండ్లిళ్ళకు హుసేనప్ప చేత ఊదించుకున్నవాడు. నరసింహయ్య ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయాడు, ముందు వరుస, రెండో వరుస, వెనక బల్లలు. ఒక్కరైనా, ఒక్కరైనా కనుబొమ ముడిచారా అని. లేదు. అందరూ తృప్తిగా ఉన్నారు. ఒక తరం మొత్తం ఆయన పాటకు నిద్ర లేచారు, ఆయన పాటకు తాళి కట్టారు, ఆ తాళి కట్టేటప్పుడు గట్టిమేళం గట్టిమేళం అని ఆయన మీదికే చేతులు విసిరారు. ఆయన మొహానికి స్ఫోటకం మచ్చలున్నాయని ఒక్కరికీ తెలియదు. అప్పుడు కడుపులోంచి నిజంగానే వచ్చింది వాంతి, గొంతుదాకా. ఉత్తరీయం మూతికి అడ్డం పెట్టుకున్నాడు. దుఃఖం ఆపుకుంటున్నాడనుకుని పుల్లయ్య చెమ్మగిల్లిన కళ్ళతో ఆయన వైపు చూశాడు. అది ఇంకా అసహ్యంగా ఉంది.

ఈ ఫోటో ఎప్పటిదో ఆయనకు తెలుసు. కమలాపురంలో రెడ్డి పెద్దకొడుకు పెండ్లి. ఇట్లాంటిదే ఎండ. తెల్లవారుజాము నుంచి ఊదిన మేళానికి పొద్దు తిరిగినా ఆకు వేయలేదు. మేళగాళ్ళది ఎప్పుడూ చివరి బంతి, వంటవాళ్ళ తరువాత, పందిరి వెనక, ఎంగిలాకులు పారేసే చోట, కుక్కల మధ్య. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అందుకే ఎవరూ తీసేయలేనిది. నరసింహయ్యకు బాగా గుర్తుంది లక్ష్మీదేవమ్మ కొంగు నడుముకు దోపి రావడం. ఆమె గొంతెత్తడం ఆయన ఎన్నడూ వినలేదు, ఆ రోజు విన్నాడు. "ఏమప్పా, మేళమోళ్ళకు ఇంకా ఆకేయలేదంటనే? పొద్దన్నించి ఊదీ ఊదీ వాళ్ళ నోట్లో తడి యాడుంటాది? పెండ్లికొడుకు తిన్యాడు, పెండ్లికొడుకు గుర్రం గూడా తిన్యాది!" ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. తనే ఆకు తెచ్చి, పందిరి నీడలోనే, నీళ్ళు చల్లి పరిచి, అన్నం పెట్టి, నెయ్యి చెంబు వంచింది. హుసేనప్ప ఆ పొడుగాటి కాళ్ళు మడిచి కూర్చుని, ఆకు వైపు చూసి, ఆమె వైపు చూసి, మొదటి ముద్ద కలుపుతున్నాడు. సరిగ్గా అప్పుడు రెడ్డి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఫోటోలాయన వచ్చినాడు, ఎండ పోతాండాది, హుసేనప్పా లెయ్, లెయ్, సన్నాయి పట్టుకుని నిలబడాల. హుసేనప్ప లేవలేదు. దర్బారుల్లో ఊదినవాడు, ఎవరు ఏది చెప్పినా చిత్తం అని లేచేవాడు, ఆ ఒక్కసారి లేవలేదు. "అమ్మ వడ్డించిన ఆకప్పా. దీని ముందర నుంచి లెయ్యను," అన్నాడు. మెడలో పతకాలు తీసి గిడ్డయ్యకు ఇచ్చాడు. "గిడ్డన్నా, నువ్వు పో. పట్టుకోని నిలబడు. ఊదమని అడగర్లే, బొమ్మే గదా." గిడ్డయ్య రెండు చేతులా సన్నాయి అందుకుని, చంటిపిల్లను మోసుకుపోయినట్టు తీసుకుపోయాడు. నెత్తి మీద నల్లగుడ్డ కప్పుకున్న ఫోటోలాయనకు ఏ మొహమైనా ఒకటే. మరి నల్లగుడ్డ కప్పుకోనివాళ్ళకు?

"వారి ధర్మపత్ని ఇప్పుడు పటానికి పూలమాల వేస్తారు," అని పుల్లయ్య పిలిచాడు. బషీరాబీ లేచి, తెల్లని పైట తల మీదికి లాక్కుని, జనం మధ్య నుంచి మెల్లగా వస్తూ ఉంది, కింద చూసుకుంటూ. దండ అందించే పని నరసింహయ్యది. ఆయన లేచాడు, పంచె కుర్చీ నుంచి పెద్ద చప్పుడుతో ఊడివచ్చింది. ఇప్పుడు చెప్పాలి. అయ్యా, ఈ పటం హుసేనప్పది కాదు, మీలో ఎవరికీ ఆయన మొహం తెలియదు, మీరు కొట్టిన చప్పట్లు మీ మొహాన కొట్టుకోండి అని చెప్పాలి. మాటలన్నీ నాలుక మీద వరుసగా నిలబడ్డాయి, చరిత్ర పాఠంలోలాగా. తలుపు అవతల, వసారాలో, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని లోపలికి చెవి ఒగ్గిన లాల్ అహమ్మద్ మోకాలు కనపడుతూ ఉంది. ఆ మోకాలు ఊగుతూ ఉంది. అతనికి పటం కనపడదు. చెబితే రెడ్డి నలుగురిలో తలవంచుకోవాలి. ఓబుళరెడ్డి తలవంచుకోవడమంటూ జరిగితే, రేపు పొద్దున గుళ్ళో అరవ మేళం ఊదుతుంది. బషీరాబీ పటం ముందుకు వచ్చి తలెత్తింది.

ఆమె చాలాసేపు చూసింది. బయట ఎక్కడో జట్కాగుర్రం గిట్టల చప్పుడు వచ్చి పోయింది. ఆమె మొహంలో మొదట ఏమీ లేదు. తరువాత పెదవి ఒక పక్కకు లాగింది. ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. నరసింహయ్యకు దగ్గరగా ఉన్నందున తెలిసింది, ఆమె నవ్వు ఆపుకుంటూ ఉంది. ఆ నవ్వు వెనకే నీళ్ళు వచ్చాయి. ఆయన నోరు తెరవబోయాడు. ఆమె దండ అందుకుంటూ, పెదవులు కదిలీ కదలకుండా, "ఊరుకో సామీ," అంది. "లాలు పని పోతాది." కాలివేళ్ళ మీద లేచి, చట్రం అంచుకు దండ తగిలించి, కుచ్చు సరిచేసి, మళ్ళీ అంది, ఈసారి పటంతో, "నీకెవురేసినారు గిడ్డన్నా దండ? ఏసుకో." వెనక్కు తిరిగి, హాలుకంతటికీ ఒక నమస్కారం పెట్టి, గోడ వదిలిన ముసలమ్మ పక్కకు పోయి కూర్చుంది. ముందు వరుసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు నరసింహయ్య మాట్లాడాలి. తెచ్చుకున్న ఉపన్యాసం తలలోంచి ఎప్పుడో పోయింది. అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పకూడదని ఆమె చెప్పింది. ఆయన పటం వైపు తిరిగాడు, సభకు సగం వీపు పెట్టి, అట్లా నిలబడటం కొంచెం హాయిగా అనిపించింది. "ఈ పటంలో ఉన్న మనిషిని నేను బాగా ఎరుగుదును," అన్నాడు. "ఈయన ఊపిరి తెగడం నేను ఎప్పుడూ వినలేదు. తన కోసమని ఒక్క స్వరం కూడా ఎక్కువ అడగలేదు. ఎవరి కోసం ఊదుతున్నాడో వాళ్ళు ఎంత దూరం పోయినా, తిరిగొచ్చేదాకా కాచుకుని ఉన్నాడు. మనలో ఎవరూ ఈయన మొహం చూడలేదు. ఈయన మనందరి వీపులూ చూశాడు. మా ఇంట్లో ఒకామె ఉండేది. ఆమె మాత్రం కళ్ళు మూసుకునే ఈయనను గుర్తుపట్టేది." అక్కడ ఆగి అద్దాలు సరిచేసుకున్నాడు. "హుసేనప్ప సంగీతం ఎంత గొప్పదో మీరు చెప్పారు. అదంతా ఈ మనిషి ఊపిరి మీద నిలబడిందని నేను చెప్తున్నాను." చప్పట్లు మోగాయి. ఇంత స్పష్టంగా చెప్పినా ఒక్కడికీ అందలేదు, అందదు. పుల్లయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపాడు, చెమట చేతులు. "ఏం చెప్పినారు అయివారూ! మనిషి వేరు, ఊపిరి వేరు! శుద్ధ అద్వైతం!" అన్నాడు. నరసింహయ్య చేతులు విడిపించుకుని ఉత్తరీయానికి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఓబుళరెడ్డి చివరిసారి ఉమ్మి, నిలబడి, పటం వైపు చేయి చాపాడు. "ఈ మహానుభావుడి కొడుక్కే గుడి మేళం. తండ్రి పోలిక యాడికి పోతాది? చూడండి, ఆ మొహమే ఈ మొహం!" అన్నాడు, లాల్ అహమ్మద్‌ను లోపలికి పిలిచి. దూలమంత ఎత్తు మనిషి గుమ్మం దగ్గర తలవంచి వచ్చాడు. పటం చూశాడు. ఆగాడు. గడ్డం కింద నరం ఒకటి ఎగిరింది. తల్లి వైపు చూశాడు, తల్లి కింద చూస్తూ ఉంది. అతను పటం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు తలవంచి మొక్కాడు. ఆ మొక్కులో దొంగతనమేమీ లేదని నరసింహయ్యకు తెలుసు. పసివాడిగా ఉన్నప్పుడు గిడ్డయ్య ఒళ్ళో కూర్చునే శ్రుతి పట్టడం నేర్చాడు ఆ పిల్లవాడు, బుగ్గల్లో గాలి నిలవక గిడ్డయ్య మీసం పీకేవాడు. రెడ్డి ఆ మొక్కు తనకు కూడా కలిపి పెట్టినట్టు ఛాతీ విరుచుకున్నాడు.

జనం ఉప్మా వైపు కదిలారు. నేతి వాసన, జీడిపప్పు వాసన వచ్చి చెమట వాసనతో కలిసింది. వసారాలో మేళం మంగళం మొదలుపెట్టింది, ముందు శ్రుతి లేచింది, ఒంటిగా, పెట్టె కాదు, మనిషి ఊపిరే, ఎవరో కుర్రాడు. కంచాల చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. మేళానికి ఏమి పెడతారని అడిగాడు నరసింహయ్య. "అందురూ తిన్యాంక పెడ్తాములే అయివారూ, వాళ్ళు యాడికి పోతారు," అన్నాడు వడ్డించేవాడు, మంచివాడే, నవ్వుతూ అన్నాడు. నరసింహయ్య చేతిలో పెట్టిన ఆకుదొన్నెను కిటికీ అరుగు మీద పెట్టేశాడు. ముట్టబుద్ధి కాలేదు. వసారాలోకి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. బషీరాబీ మెట్ల మీద కూర్చుని కొడుకు ఊదేది వింటూ ఉంది. హాలులోంచి దీపాల వెలుతురు, దండ వేసుకున్న పటం అంచు కనపడుతున్నాయి.

"అమ్మా," అన్నాడు ఆయన, మెల్లగా. "నేను చెప్పి ఉండాల్సింది. మనిషి పటమన్నా లేకుండా పోయె. ఇంత సభ జరిగితే, హుసేనప్ప ఈడ యాడా లేడు."

ఆమె తల తిప్పలేదు. శ్రుతి మీద చెవి ఉంచే, ఒక చేత్తో గాలిని ఆపినట్టు, మాట్లాడొద్దన్నట్టు చూపింది. ఆ స్వరం తెగకుండా సాగి, సన్నాయి దాని మీదికి ఎక్కి కుదురుకున్నాక, అప్పుడు అంది:

"యాడికి పోతాడు సామీ. లక్ష్మీదేవమ్మ తల్లి ఏసిన ఆకు ముందర కూచోనుండాడు. ఇంకా లెయ్యలేదు."